పెళ్లి కాస్తా వెళ్లి అయిన శనివారం

కిందటి వారం సింధుని తెనాలి స్టేషన్‌లో రేపల్లె బండి ఎక్కించి వదిలేశాం. ఒళ్లో సరిచూసి వెనక్కి తీసుకెళ్తున్న కళ్లజోడు పెట్టె, చెవిలో హనుమాన్‌ప్రసాద్ సార్ మాట. బాపట్లలో ఒక మేడ మీద అద్దె గదుల్లో నడిచే, సింధు పనిచేసే చిన్న పరిశోధనశాలకి ఆయన పెద్ద. “శనివారం దేవకుమారి గారు చదివేది వీడియో తీసి పంపమ్మా. సోమవారం తెనాలిలో కంపెనీవాళ్ల ముందు ఆవిడ చేతే ఇంకోసారి చదివిద్దాం. డిజైన్ ఖాయమైపోయినట్టే” అన్నారాయన. ఆ మాటకి ఎగిరి గంతెయ్యాల్సిన పిల్ల, కిటికీ పక్కన దిగులుగా కూర్చుంది. ఎందుకో ఈ వారమే మనతో చేరినవాళ్లకి ఒక ముక్క చెప్పి ముందుకి పోదాం.

ఆ కళ్లజోడులో గోరంత తెర ఉంటుంది. దాన్నిండా విడివిడిగా కంటికి ఆననంత చిన్న చుక్కలు, లక్షల్లో. ఒక చుక్క వెలిగినప్పుడు పక్క చుక్క చీకటిగా ఉండాలంటే ఉండాలి. కానీ అన్ని చుక్కల మీదా ఒకటే పల్చటి పొర పరిచి ఉంటుంది కాబట్టి కరెంటు ఆ పొరలోంచి పక్కకి కారుతుంది. వెలగకూడని చుక్క కూడా కాస్తో కూస్తో వెలుగుతుంది. దీన్ని క్రాస్‌టాక్ అంటారు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాడు తలదూర్చడమన్నమాట. ఈ తలదూర్చడం ఆపడానికి చుక్కకీ చుక్కకీ మధ్య అడ్డు కడతారు. ఇంగ్లీషువాళ్లు దానికి బ్యాంకు అని పేరు పెట్టుకున్నారు గానీ మన బాపట్ల పిల్లలు మొదటిరోజు నుంచీ గట్టనే అంటున్నారు. గట్టుని గట్టనక ఇంకేమంటారు?

సింధుతో పాటు అక్కడే పనిచేసే స్నేహితురాలు ప్రత్యూష, గట్టు ఒక్కటే చాలదు, పక్కన సన్నటి కాలవ కూడా తవ్వి ఆ పొరని తెంపేయాలంది. అలా రెండో డిజైన్ ఒకటి గీసిపెట్టింది. దాని తయారీ నిదానం, ఖర్చు ఎక్కువ. డబ్బు పెట్టి ఈ జోడు తయారుచెయ్యబోయే కంపెనీవాళ్లు పెదవి విరిచారు. “ఈ తేడా మీటరుకి తెలుస్తుంది గానీ మనిషి కంటికి తెలియదు. ఆ టీచరు గారు ఎంత చక్కగా చదువుతున్నారో చూడండి” అన్నారు. అంటే గట్టా, గట్టూ కాలవా అన్న ప్రశ్న రేపల్లెలో ఉన్న ఒక రిటైర్డ్ టీచరు గొంతు మీద ఆధారపడింది. ఆ గొంతు ఒక్కసారైనా తడబడలేదు. సింధు దిగులు అదే. తప్పులు దొరికితే బాధపడేవాళ్లని చూశాం గానీ, తప్పు దొరకనందుకు బాధపడే పిల్లని ఈ సీరియల్లోనే చూస్తున్నాం.

రేపల్లెలో చర్చి వెనక వీధిలో దేవకుమారి టీచర్ ఇల్లు. సింధుకి అ ఆలు దిద్దించింది ఆవిడే. ఆవిడ కళ్లకి గ్లకోమా వచ్చి చుట్టూ ఉన్న చూపంతా పోయింది. మధ్యలో మాత్రం చిన్న కన్నంలోంచి చూసినట్టు ఇంత జాగా మిగిలింది. ఇలాంటివాళ్లకి అక్షరాలు పెద్దవి చేస్తే లాభం లేదు. ఒక్క అక్షరానికే ఆ కన్నం నిండిపోతుంది. మాట మొత్తం ఒకేసారి కనపడాలంటే చిన్న అక్షరాలు కావాలి, అవి ఒకదాన్నొకటి రుద్దుకోకుండా నిలబడాలి. ఈ జోడు పుట్టింది అందుకే. అది వచ్చాక టీచర్ మళ్లీ ఆదివారం ఆరాధనలో బైబిల్ వాక్యం చదవడం మొదలుపెట్టింది. సంఘం ముందు నిలబడి, దేవుడు నాకు చూపు తిరిగిచ్చాడని సాక్ష్యం కూడా చెప్పింది. ఆరోజు చర్చిలో కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు.

“వందనాలు టీచర్” అంటూ లోపలికి వచ్చింది సింధు.

“వందనాలమ్మా. రా, రా. బండి ఆలస్యమా? నాగమ్మా, పిల్లకి ముందు మంచినీళ్లియ్యి.”

నాగమ్మ పక్కింటావిడ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా టీచర్ ఇంట్లోనే ఉంటుంది. టీచర్‌కి కూర తరిగిపెట్టడం, పనిలో పనిగా ఊరి కబుర్లు తరిగిపెట్టడం ఆమె పనులు. ఇప్పుడు గుమ్మం దగ్గర చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నీళ్లిచ్చి, మళ్లీ చిక్కుడుకాయల ముందు కూలబడింది.

టీచర్ జోడు పెట్టుకుంది. జోడు నుంచి ఒక తీగ వచ్చి మెళ్లో వేలాడే చిన్న పెట్టెకి తగులుకుంటుంది; తగిలితే పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతుంది. సింధు ఆదివారం పాఠం పెట్టింది. నాగమ్మ లేచి టీచర్ కుర్చీని వెలుతురు వైపు జరిపి తన చోటికి పోయాక, సింధు ఫోన్ ఎత్తి వీడియో మొదలెట్టింది.

టీచర్ చదివింది. ఏం చదివింది! ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించి, వరస మారినప్పుడు తల కొద్దిగా ఎడమకి తిప్పుతూ చదివింది. నాగమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. సింధు కూడా మైమరచి వింటూ, ఫోన్లో బొమ్మ సరిగ్గా పడుతోందో లేదోనని చూసింది. టీచర్ మెళ్లో ఉన్న పెట్టె మీద పచ్చ దీపం లేదు.

తీగ చివర కుర్చీ పక్కన గాల్లో వేలాడుతోంది. నాగమ్మ కుర్చీ జరిపినప్పుడే ఊడినట్టుంది. తెర మీద ఒక్క చుక్క కూడా వెలగడం లేదు. టీచర్ కళ్ల ముందు ఉత్త చీకటి. ఆ చీకట్లోంచి వాక్యం గంట కొట్టినట్టు వస్తూనే ఉంది.

సింధు ఫోన్ దించేసింది. “టీచర్…”

“ఊఁ? అయిపోలేదు కదే, ఆపావేంటి?”

“తీగ ఊడిపోయిందండి.”

టీచర్ చెయ్యి మెళ్లో పెట్టెని తడిమింది. తీగ తగలలేదు. వాళ్లిద్దరి మధ్యా ఏం జరిగిందో అర్థం కాని నాగమ్మ అమాయకంగా అడిగింది: “అయితే ఇందాకట్నించీ చదివిందెవరమ్మగారూ?”

ఎవరూ నవ్వలేదు. టీచర్ జోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. బడిలో తప్పు చేసి దొరికిన పిల్ల ముఖం ఎలా ఉంటుందో సింధుకి తెలుసు, ఆ ముఖంతో ఈవిడ ముందు ఎన్నోసార్లు నిలబడింది. ఈవిడ ముఖం అలా ఉంటుందని మాత్రం అనుకోలేదు. సింధుకి కోపం రాబోయి ఎక్కడో దారి తప్పింది.

“అంటే, ఎప్పుడూ ఇంతేనాండి? ఏమీ కనపడలేదా?”

“కనపడలేదని కాదే సింధూ. మొదటిరోజు పెట్టుకున్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్లకి మాట మొత్తం చూశాను! కానీ కొన్ని అక్షరాలు అలుక్కుపోయినట్టుండేవి. నా కన్ను ఇంకా పోతోందనుకున్నాను. నీ జోడులో లోపముంటుందని నాకెలా తోస్తుంది? అంత చదువుకున్న పిల్లవి.”

“ఒక్క మాట చెప్తే సరిపోయేది కదండి.”

“ఎలా చెప్పనే? బాపట్లలో బండెక్కి, తెనాలిలో మారి, ఎండనీ వాననీ చూడకుండా వస్తావు. వచ్చి కూర్చుని ‘కనపడుతోందా టీచర్’ అని చంటిపిల్లలా అడుగుతావు. కనపడట్లేదని నీ మొహం మీద ఎలా అనను? వాక్యం నాకొచ్చిందే కదా. మొదటి రెండు మాటలు పోల్చుకుంటే తక్కింది నోరే అందుకునేది. అబద్ధమాడాలని కాదమ్మా. మొహమాటం.”

“మొహమాటానికి పోతే కడుపైందంట” అంది నాగమ్మ, చిక్కుడుకాయ మీంచి కళ్లు ఎత్తకుండా.

“ఛీ, నోర్ముయ్యవే! గోడవతల చర్చి ఉంది” అని కసిరింది టీచర్. కసురుతూనే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

“సంఘం ముందు సాక్ష్యం చెప్పేశాను నాగమ్మా. చూపొచ్చిందని చెప్పాను. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని ఈ వీధి పిల్లలందరికీ నేర్పిందాన్ని నేనే.”

మన వైపు మొహమాటం సంగతి వేరే చెప్పాలా? పెళ్లి భోజనంలో పప్పు ఉప్పు కషాయంగా ఉన్నా అమోఘమనే జాతి మనది. ఉప్పెక్కువైందంటే వంటవాడు బాధపడతాడని మనం మాట్లాడం, వాడు ఎదుటి పంక్తికి కూడా అదే పప్పు వడ్డిస్తాడు. సింధు మాత్రం తక్కువ తిందా? టీచర్ తడుముకుంటుంటే చూడలేక, ప్రతి శనివారం ఆవిడకి తెలిసిన వాక్యమే పెట్టింది. ఆ వీధిలో చంటిపిల్లలకి కూడా నోటికొచ్చిన వాక్యంతో కంటిని పరీక్షించింది. మొహమాటం ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ కారింది. దానికి ఏ గట్టూ వెయ్యలేదు.

సింధు లేచి టీచర్ కాళ్ల దగ్గర కూర్చుంది. తీగ తీసి పెట్టెకి తగిలించింది. పచ్చ దీపం వెలిగింది.

“టీచర్, ఇప్పుడు మీకు రానిది పెడతాను. కనపడింది కనపడినట్టే చదవాలి. తప్పైనా సరే. నా మీద ఒట్టు.”

“ఒట్లు వెయ్యకు, వాక్యంలో వద్దని ఉంది. చదువుతాలే, పెట్టు.”

ఏం పెట్టాలో తోచలేదు. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ ఆవిడకి కంఠతా వచ్చినవే. అంతలో ఫోన్లో మెసేజ్ వచ్చిన చప్పుడైంది. అమ్మ ప్రేమకుమారి పంపింది. సింధు దాన్ని తెరవకుండానే, ఏముందో చూడకుండానే జోడుకి పంపేసింది. టీచర్‌కే కాదు, తనకీ తెలియని మాటలు. ఇంతకన్నా మంచి పరీక్ష ఏముంటుంది?

టీచర్ ముందుకి వంగింది. గంట లాంటి గొంతు లేదు ఇప్పుడు. ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుంటూ చదివింది.

“సుధీర్… వాళ్లమ్మగారు… కలిశారు. ఆదివారం… ఆరాధన అయ్యాక… వెళ్లి మాట్లాడాలి… అంటున్నారు. నువ్వేమంటావు?” చదివి తలెత్తింది. “అమ్మయ్య. ఎవరే ఈ సుధీర్? ఆదివారం పూట ఎక్కడికి వెళ్లి మాట్లాడాలిట? ఆఫీసు పనా?”

సుధీర్ ఎవరో మనకి తెలుసు. తెనాలి రైల్వేలో పనిచేసే ఆ బుద్ధిమంతుడు నాలుగు వారాలుగా ఈ సీరియల్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.  సింధు ఫోన్ తిప్పి మెసేజ్ చూసింది. మళ్లీ చూసింది.

‘ఆరాధన అయ్యాక పెళ్లి మాట్లాడాలి అంటున్నారు.’

పెళ్లి. టీచర్ చదివింది వెళ్లి.

పెళ్లి వార్త విన్న ఆడపిల్ల సిగ్గుపడాలని రూలుంది. సింధు ఆ రూలు మర్చిపోయి కేక పెట్టింది. “టీచర్! ఆ మాట మళ్లీ చదవండి. ‘మాట్లాడాలి’కి ముందుది.”

“వెళ్లి.”

“మొదటి అక్షరం ఎలా ఉందండి? నోరు తెరుచుకుని ఉందా, మూసుకుని ఉందా?”

“మూసుకునే ఉంది. వ కదా. ప అయితే పైన నోరు తెరుచుకుని ఉండేది. నాకా నువ్వు అక్షరాలు నేర్పేది?”

“అది ప అండి!”

సింధు ఫోన్‌ని టీచర్ కళ్లకి దగ్గరగా తెచ్చి, చూపు మిగిలిన ఆ కాస్త జాగాలో ఆ ఒక్క మాట పడేలా పట్టుకుంది. జోడు పైకి జరిపి చూడమంది. టీచర్ తల అటూ ఇటూ కదిపి మాటని పట్టుకుంది.

“ప. నోరు తెరిచే ఉంది. పెళ్లి.” ఆగింది. “మరి ఇందాక జోడులో ఎందుకు మూసుకుంది?”

“ఆ నోటి దగ్గర ఖాళీ ఒకటి రెండు చుక్కలంతే ఉంటుందండి. అటు గీత వెలుగుతోంది, ఇటు గీత వెలుగుతోంది. రెండు వైపుల నుంచీ కరెంటు కారి మధ్య చుక్కలు కూడా వెలిగిపోయాయి. ఖాళీ పూడిపోయింది. మేము గళ్లూ గీతలూ ఇంగ్లీషు అక్షరాలూ పెట్టి కొలిచాం. వాటిలో ఇంత చిన్న నోళ్లు లేవు. కంపెనీవాళ్లు చిన్న తేడా అన్నది ఇదేనండి. చిన్నదే. పెళ్లి కాస్తా వెళ్లి అయ్యేంత.”

టీచర్‌కి చుక్కలూ గట్లూ ఎంత అర్థమయ్యాయో గానీ, ఒక్క సంగతి మాత్రం సూటిగా లోపలికి వెళ్లింది. సింధు భుజం గట్టిగా పట్టుకుంది.

“అయితే నా కన్ను కాదా?”

“కాదండి. మీ కన్ను మొన్న ఎంత ఉందో ఇవాళా అంతే ఉంది. తప్పు మాది.”

“నా కన్ను కాదంటావు.”

“కాదు టీచర్.”

“స్తోత్రం, తండ్రీ” అంది దేవకుమారి.  ఇన్నాళ్లూ ప్రతి అక్షరం అలుక్కుపోయినప్పుడల్లా మిగిలిన ఆ కన్నం కూడా మూసుకుపోతోందనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చర్చిలో సాక్ష్యం చెబుతూ, లోపల మాత్రం గుడ్డితనానికి రోజులు లెక్కపెట్టుకుంటూ బతికింది. ఆ భయం ఇవాళ దిగింది. “నీ కడుపు చల్లగా ఉండాలే. నాకు జోడిచ్చినందుక్కాదు. జోడుదే తప్పని చెప్పినందుకు.”

“నేనే మీకు దణ్ణం పెట్టాలండి. ఇన్నాళ్లకి మీరొక తప్పు చదివారు. మాకు కావలసింది అదే.” సింధు నిజంగానే ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకి అద్దుకుంది. బాపట్లలో అంత ఖరీదైన మీటర్లు చెప్పలేనిదాన్ని ఈ ఒక్క ‘వెళ్లి’ చెప్పింది. ప్రత్యూష కాలవ ఎందుకు కావాలో ఇక ఎవరికైనా ఒక్క మాటలో చెప్పొచ్చు. 

“అది సరే గానీ, పెళ్లెవరికే?” అంది టీచర్ ఉన్నట్టుండి.

సింధుకి అప్పుడు గుర్తొచ్చింది సిగ్గు. నాగమ్మ చిక్కుడుకాయల బుట్ట పక్కకి తోసి, “అట్టా అడగండి అమ్మగారూ” అని సర్దుకుని కూర్చుంది. జవాబు చెప్పకుండా తప్పించుకోడానికి సింధు హనుమాన్‌ప్రసాద్ సార్‌కి ఫోన్ కలిపింది. టీచర్ కూడా వినాలని స్పీకర్ పెట్టింది.

జరిగిందంతా చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివరికి పెద్దగా నిట్టూర్చారు.

“నువ్వన్నది నిజమేనమ్మా. కాదనను. కానీ రెండో డిజైన్ అంటే కంపెనీవాళ్లు లేచి దండం పెట్టి వెళ్లిపోతారు. ఇంకెవరు వస్తారు మన దగ్గరికి? ముందు ఇది బయటికి రానీ. తర్వాత నిదానంగా మార్చుకుందాం.”

“ఒకసారి ఖాయమయ్యాక గట్టు మార్చడానికి ఉండదని మీరే చెప్పారు కదండి.”

“చెప్పాను. ప్రాజెక్టు ఆగిపోతే ఏమవుతుందో కూడా చెప్పాలిగా. మనమంతా రోడ్డున పడతాం. ఆవిడ పెట్టుకున్న ఆ జోడు కూడా వెనక్కిచ్చెయ్యాలి. సగం కనపడేది కూడా కనపడకుండా పోతుంది. అది చేద్దామా మనం ఆవిడకి?”

 ఆయన చెడ్డవాడు కాదు. అదే అసలు ఇబ్బంది. చెడ్డవాడైతే ఎదురు తిరగడం తేలిక.

టీచర్ చెయ్యి చాపింది, ఫోన్ ఇటివ్వమని.

“ప్రసాద్ గారూ, వందనాలండి. దేవకుమారిని.”

“అయ్యో, టీచర్ గారూ, వింటున్నారా! నమస్కారమండి.”

“మీరంతా నాకు చేసిన మేలు నేను మర్చిపోను బాబూ. పొద్దున్నే ప్రార్థనలో మీ అందరి పేర్లూ తలుచుకుంటాను. ఆ కృతజ్ఞతతోనే ఇన్నాళ్లూ అబద్ధమాడాను. మీరు చేసినదానికి ‘బాలేదు’ అనడం తప్పనుకున్నాను. ఇవాళ తెలిసింది, అనకపోవడమే తప్పని. నాలాంటి ఇంకో ముసలిది ఎక్కడో ఈ జోడు పెట్టుకుని, ‘నా కన్ను పోతోంది’ అనుకుని రాత్రిళ్లు ఏడుస్తుంది. దాని ఉసురు మనకెందుకు?”

“టీచర్ గారూ, జోడు పోతుందండి మీకు.”

“పోనివ్వండి. సోమవారం వస్తాను. నాకు తెలియనిది పెట్టండి. కనపడినట్టే చదువుతాను. నా సర్వీసంతా తప్పు చదివిన పిల్లల్ని బెంచీ ఎక్కించాను. ఆరోజు అందరి ముందూ నన్ను ఎక్కించండి.”

 ఫోన్ కట్టయిందేమోనని సింధు తొంగి చూసింది. కాలేదు. చివరికి హనుమాన్‌ప్రసాద్ గారి గొంతు వచ్చింది, పొడిగా.

“ఏం చదవాలో నేనే పంపిస్తానండి.” అంతే, పెట్టేశారు.

“మంచివాడే, ఒప్పుకున్నాడు” అంది టీచర్. ఆవిడ ముఖం కడిగిన పలకలా ఉంది. నాగమ్మ టీ పెట్టడానికి లేచింది. సింధుకి ఆ పొడి గొంతు నచ్చలేదు గానీ, ఆవిడ సంతోషం చూసి ఏమీ అనలేదు. మళ్లీ మొహమాటమే, చూశారా?

టీ గ్లాసులు వచ్చేలోగా సోమవారం చదవాల్సింది హనుమాన్‌ప్రసాద్ సార్ నుంచి మెసేజ్‌గా వచ్చింది. సింధు అలవాటైన పద్ధతిలోనే దాన్ని చూడకుండా జోడుకి పంపింది. టీచర్ ఉత్సాహంగా ముందుకి వంగి, రెండు మాటలు కూడబలుక్కుని చదివింది. మూడో మాటకి గొంతు మారిపోయింది. తడబాటు పోయి గంట మోగింది. నాలుగో మాట, ఐదో మాట, వరస దాటి ఇంకో వరస, తెర మీద ఇంకా రాని మాటలు కూడా వచ్చేస్తున్నాయి. అప్పుడు టీచర్ తన చేత్తో తన నోరే గట్టిగా మూసుకుంది.

ఇందాక తీగ ఊడినా ఆగకుండా చదివిన వాక్యమే అది.

చెయ్యి తీశాక ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

“సింధూ, నేను మాటిచ్చాను. కనపడిందే చదువుతానన్నాను. కానీ ఇది నేను పలక పట్టకముందే మా అమ్మ నేర్పింది. సోమవారంలోగా దీన్ని ఎలా మర్చిపోయేదే?”